ఆ దీపావళికి నంబర్ వన్ పాట

2024 నవంబర్ చివర్లో ఒక రోజు పొద్దున్నే పిల్లల లంచ్ బాక్సులు కడుతూ ఫోన్ చూస్తే ఆ వార్త కనిపించింది. బాబ్ బ్రయార్ చనిపోయాడట. 44 ఏళ్ళు.

ఇంట్లో ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. మా ఆయనకి ఆ పేరు తెలియదు. పిల్లలు పుట్టక ముందే అతను వాయించడం మానేశాడు. మై కెమికల్ రొమాన్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండులో ఒకప్పుడు డ్రమ్స్ వాయించేవాడు. 2004లో చేరి, 2010లో బయటికొచ్చేశాడు. నేనతన్ని ఎప్పుడూ చూడలేదు. కానీ నా జీవితంలో ఒక అక్టోబర్ నెల మొత్తం అతని డ్రమ్ముల మీద నడిచింది.

పిల్లలు బస్సెక్కాక వంటింట్లోకి వచ్చి ఆ పాట పెట్టుకున్నాను. వెల్కమ్ టు ద బ్లాక్ పరేడ్. మొదట పియానో మీద ఒకే ఒక్క స్వరం. ఇంకేమీ ఉండదు. తర్వాత ఒక్కొక్క మెట్టూ దిగుతున్నట్టు మిగతా స్వరాలు. ఆ తర్వాత, ఎక్కడో వీధి చివర ఊరేగింపు మొదలైనట్టు, సన్నగా డ్రమ్ము. ఆ డ్రమ్ము వినపడేసరికి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

*

2006 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లో లెస్టర్ వెళ్ళాను. గుంటూరు నుంచి రెండు సూట్‌కేసులు, ఒక కుక్కర్, అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి. నర్బరో రోడ్డు దగ్గర ఒక ఇంట్లో ఐదుగురం ఉండేవాళ్ళం. ముగ్గురం తెలుగువాళ్ళం.

స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే పని చేయాలి. అందరూ గోడౌన్లలోనో, హోటళ్ళలోనో చేరారు. నాకు అదృష్టం కొద్దీ ఊరి నడిబొడ్డున ఒక చిన్న సీడీల షాపులో దొరికింది. సరిగ్గా ఆ అక్టోబర్ ఒకటి నుంచే అక్కడ కనీస వేతనం గంటకి 5.05 పౌన్ల నుంచి 5.35కి పెరిగింది. ఆ ముప్ఫై పెన్నీలు మాకు చిన్న విషయం కాదు. అప్పట్లో ఒక పౌను అంటే ఎనభై రూపాయల పైమాటే. ప్రతి గంటనీ రూపాయల్లోకి మార్చి నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని.

ఆ షాపు వాసన ఇప్పటికీ గుర్తుంది. కొత్త సీడీ మీద సన్నటి ప్లాస్టిక్ కాగితం చింపితే వచ్చే వాసన, తడిసిన కోట్ల వాసన, రూమ్ హీటర్ మీద కాలుతున్న దుమ్ము వాసన. మూడూ కలిసి ఉండేవి.

ఒక గోడంతా చార్టు కోసమే, అంటే ఆ వారం ఎక్కువ అమ్ముడైన పాటల జాబితా. ఒకటి నుంచి నలభై దాకా ప్లాస్టిక్ అంకెలు, ఒక్కో అంకె కింద ఒక అర, ఒక్కో అరలో ఆ వారం పాట సీడీలు. ఒక్క పాట కోసం ఒక సీడీ కొనడమా అని మొదటి రోజు ఆశ్చర్యపోయాను. మన దగ్గర ఒక క్యాసెట్ కొంటే సినిమా పాటలన్నీ వచ్చేసేవి కదా. అక్కడ రెండు మూడు పౌన్లు పెట్టి ఒక పాట, వెనక ఇంకో పాటో రెండో ఉన్న సీడీ కొనుక్కునేవారు. దాన్నే సింగిల్ అనేవారు.

సోమవారం పొద్దున్న ఆ గోడ మార్చడం నా పని. అప్పట్లో ఆదివారం సాయంత్రం రేడియోలో కొత్త చార్టు చెప్పేవారు. మేనేజర్ ఆ జాబితా నా చేతికిచ్చేవాడు. పడిపోయిన పాటల్ని కిందికి, ఎక్కినవాటిని పైకి, పూర్తిగా జారిపోయినవాటిని తగ్గింపు ధర బుట్టలోకి వేయాలి. ఆ బుట్టలో వేస్తున్నప్పుడు నాకెందుకో బాధగా ఉండేది. పోయిన నెలలో ఆ పాట కోసం ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చి ఉంటారు.

కౌంటర్ దగ్గర బార్‌కోడ్ మీద ఎర్ర లైటు పడి పీ మని మోగితే ఆ అమ్మకం చార్టు లెక్కలోకి వెళ్ళేది. ఆదివారం మొదలుకొని శనివారం దాకా దేశంలోని షాపుల లెక్క కలిపితే నంబర్ వన్ ఎవరో తేలేది. ముందు సంవత్సరం నుంచి ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ చేసిన పాటల్ని కూడా కలుపుతున్నారు. ఆ ఏప్రిల్‌లోనే మొదటిసారి, సీడీ షాపులోకి రాకుండానే డౌన్‌లోడ్ల మీదే ఒక పాట నంబర్ వన్ అయిందని మేనేజర్ చెప్పాడు. చెప్తున్నప్పుడు ఆయన గొంతులో దిగులు నాకు అర్థమైంది. అప్పటికే తన షాపు సంగతి ఆయనకి తెలిసిపోయినట్టుంది.

*

లెస్టర్ నడి మధ్యలో క్లాక్ టవర్ ఉంటుంది. స్కూలు వదిలాక, శనివారాల్లోనూ నల్లబట్టల పిల్లలు దాని చుట్టూ గుంపులుగా కూర్చునేవారు. ఒక కన్ను మూసేసేలా పడే జుట్టు, కళ్ళ చుట్టూ నల్లగా రంగు, బిగుతు ప్యాంట్లు, వేళ్ళు లేని గ్లోవ్స్, బ్యాగు నిండా బ్యాడ్జీలు. మొదటి పది రోజులు నేను రోడ్డు దాటి అవతలి వైపు నుంచి వెళ్ళేదాన్ని. డ్రగ్స్ పిల్లలేమో అనుకున్నాను. మా రూమ్మేట్లూ అలాగే అనేవారు.

వాళ్ళే మా షాపుకి ప్రాణం అని తర్వాత తెలిసింది.

వాళ్ళల్లో ఒక అమ్మాయి, పదిహేనేళ్ళుంటాయేమో, స్కూలు టై వదులు చేసుకుని రోజూ వచ్చేది. ఏమీ కొనేది కాదు. అన్నీ తీసి చూసి, ఎక్కడివక్కడ సరిగ్గా పెట్టేసేది. అలా పెట్టేవాళ్ళు తక్కువ. అందుకే నా దృష్టిలో పడింది. వాళ్ళు వినే సంగీతాన్ని ఎమో అంటారని, అదేమిటో నాకు చెప్పింది ఆ పిల్లే. ఎమోషన్ అన్న మాటలోంచే వచ్చిందనీ, లోపల ఉన్నది దాచుకోకుండా అరిచి పాడటమనీ, పేపర్లు రాసినట్టు చచ్చిపోవాలని కాదనీ చెప్పింది. మై కెమికల్ రొమాన్స్‌లో పాడే జెరార్డ్ వే, బేస్ గిటార్ వాయించే మైకీ వే అన్నదమ్ములు, న్యూజెర్సీ వాళ్ళు. 2001లో న్యూయార్క్‌లో ట్విన్ టవర్లు కూలడం కళ్ళారా చూశాకే జెరార్డ్ ఈ బ్యాండు పెట్టాడట. వాళ్ళ రెండో ఆల్బమ్‌లో ఒక పాట చనిపోయిన వాళ్ళ అమ్మమ్మ కోసం రాసుకున్నదట. ఆ ముక్క వినగానే నాకు వాళ్ళంటే ఉన్న భయం సగం పోయింది. అమ్మమ్మ మీద పాట కట్టుకున్నవాళ్ళంటే ఇక భయమెందుకు?

ఆగస్టులో లండన్‌లో జరిగింది కూడా ఆ పిల్లే చెప్పింది. హ్యామర్‌స్మిత్ పాలే అనే హాల్లో వాళ్ళ షో. టికెట్లు పావుగంటలో అయిపోయాయట. షోకి ముందు ముఖాలు కనిపించకుండా నల్ల ముసుగులేసుకున్న ఇరవై మంది వీధుల్లో ఊరేగింపుగా నడుస్తుంటే అభిమానులు వెనకే వెళ్ళారట. లోపలికెళ్ళాక, మై కెమికల్ రొమాన్స్ రాలేకపోతోంది, బదులుగా ద బ్లాక్ పరేడ్ అనే బ్యాండు వాయిస్తుంది అని చెప్పారట. జనం కోపంతో అరిచారు. తెర తీసేసరికి ఉన్నది వాళ్ళే. కొత్త ఆల్బమ్ పేరు అలా బయటపెట్టారు. ఆ వారంలోనే రెడింగ్ మ్యూజిక్ ఫెస్టివల్‌లో జనం వాళ్ళ మీద సీసాలు విసిరారు. అది చెప్తున్నప్పుడు ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళు ఆపకుండా వాయించారని మాత్రం రెండుసార్లు చెప్పింది.

*

వెల్కమ్ టు ద బ్లాక్ పరేడ్ సింగిల్ సీడీలు అక్టోబర్ రెండో సోమవారం వచ్చాయి. షట్టర్ ఎత్తేసరికి స్కూలు బట్టల్లో పిల్లలు, మా షాపు ముందు క్యూ. నేనలాంటి క్యూ చిన్నప్పుడు సినిమా హాలు దగ్గర తప్ప చూడలేదు. అట్టపెట్టె టేపు నేనే కోశాను. సన్నటి ప్లాస్టిక్ కేసులు వరసగా పేర్చి ఉన్నాయి. బయటికి తీస్తుంటే చేతులకి చల్లగా తగిలాయి.

ఆ పిల్ల తన వంతు వచ్చేసరికి ఒక పాత పెన్సిల్ పౌచ్ తెరిచి కౌంటర్ మీద బోర్లించింది. అన్నీ చిల్లరే. ఇరవై పెన్నీలు, పది పెన్నీలు, అడుగున రాగి పెన్నీలు. మధ్యలో ఒక రబ్బరు ముక్క, ఒక జడపిన్ను. ఒక్కొక్క నాణెం చూపుడువేలితో జరుపుతూ పెదాల్లో లెక్కపెట్టుకుంటోంది. గోళ్ళ మీద నల్ల రంగు సగం సగం ఊడిపోయి ఉంది. ఒక సీడీకి సరిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టింది. రెండో సీడీ ఎందుకని అడిగితే, తన ఫ్రెండ్ ఆస్పత్రిలో ఉందని చెప్పింది. నాలుగు పెన్నీలు తగ్గాయి. నా జేబులోంచి వేశాను. రెండుసార్లు పీ మంది.

ఆ రోజంతా మేనేజర్ గంట గంటకీ ఆ పాటే పెట్టాడు. అరవై దాటిన మనిషి. క్వీన్ అనే పాత బ్రిటిష్ రాక్ బ్యాండు పాటలంటే ప్రాణం. మొదట్లో ఈ బ్యాండంటే మొహం చిట్లించేవాడు. ఆ రోజు మాత్రం కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి, మొత్తం ఐదు నిమిషాల పాటా విని, ఇది క్వీన్ పిల్లలు కట్టిన పాటలా ఉంది అన్నాడు. ఐదేళ్ళ తర్వాత 2011లో అదే రెడింగ్ ఫెస్టివల్‌లో, క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మే వచ్చి వీళ్ళతో కలిసి ఆ పాట వాయించాడని చదివినప్పుడు మొదట ఆయనే గుర్తొచ్చాడు. ఆ పాటని వీళ్ళతో కలిసి చేయించిన రాబ్ కవాలోనే గ్రీన్ డే బ్యాండు పెద్ద ఆల్బమ్ కూడా చేశాడని చెప్పింది కూడా మేనేజరే. పాటకి ఆ కట్టుదిట్టం అక్కడిదే అనేవాడు. పియానోతో మొదలై, కవాతులోకి నడిచి, మధ్యలో ఒక్కసారిగా పరుగు అందుకుని, చివర్లో అందరూ కలిసి పాడే దాకా ఎక్కడా అతుకు కనపడదు.

*

ఆదివారం మా షాపు తొందరగా మూసేసేవారు. అందుకని సాయంత్రానికి ఇంట్లోనే ఉన్నాను. వంటింటి కిటికీ దగ్గర పాత రేడియో. రేడియో వన్‌లో నాలుగు నుంచి ఏడు దాకా చార్టు. కోడికూర పొయ్యి మీద ఉంది. మిగతావాళ్ళకి ఆ పాటతో పని లేదు. నేను గరిట పట్టుకుని రేడియో దగ్గరే నిలబడ్డాను. అంతకు ముందు వారం నంబర్ వన్ రేజర్‌లైట్ అనే బ్యాండు పాట. అది కిందికి దిగిందని చెప్పగానే గుండె దడదడలాడింది. నా పాట కాదు, నా భాష కాదు. కానీ మా కౌంటర్ మీద మోగిన ప్రతి పీ నా చేతి మీదుగానే వెళ్ళింది.

ఏడు కాబోతుండగా ఆ ఒక్క స్వరం మోగింది.

మర్నాడు పొద్దున్న ఒకటో నంబర్ అరలోంచి పాత సీడీలు తీసి, గుడ్డతో తుడిచి, ఈ నల్ల సీడీలు పెట్టాను. వరస తిన్నగా లేదని మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాను. సాయంత్రం ఆ పిల్ల ఇంకో ఆరుగురితో వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. గోడ ముందు నిలబడి ఆ ఒకటో అంకెని చూస్తున్నారు. సీసాలు విసిరించుకున్న బ్యాండు ఇప్పుడు దేశం మొత్తానికి నంబర్ వన్. బ్రిటన్ చార్టులో వాళ్ళకి వచ్చిన ఒకే ఒక్క నంబర్ వన్ అదే. రెండు వారాలుంది. అమెరికాలో తొమ్మిదో స్థానం దాకా వెళ్ళింది. అక్కడ వాళ్ళకి అదే అన్నిటికన్నా పెద్దది.

ఆ గుంపులోనే ఆ పిల్ల నా కళ్ళు చూసి, నువ్వేం పెట్టుకుంటావు, ఇంత నల్లగా ఎలా ఉంటుంది అని అడిగింది. కాటుక. అమ్మ మూడు డబ్బాలు పెట్టిచ్చింది. మర్నాడు ఒకటి తెచ్చి ఇచ్చాను. చూపుడువేలితో ఎలా పెట్టుకోవాలో స్టోర్ రూమ్ అద్దం ముందు చూపించాను. ఆ వారాంతం క్లాక్ టవర్ దగ్గర కూర్చున్న పిల్లలందరి కళ్ళకీ మా అమ్మ పంపిన కాటుకే.

*

ఆ ఏడు దీపావళి శనివారం వచ్చింది, అక్టోబర్ 21. లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డు మీద దీపావళి చాలా పెద్ద పండగ. గుజరాతీ వాళ్ళ నగల షాపులు, చీరల షాపులు, మిఠాయి కొట్లు, రోడ్డు పొడవునా లైట్లు. నాకు మాత్రం డ్యూటీ. మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనం టైములో స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను.

అప్పట్లో ఫోన్ కార్డులు ఉండేవి. ఐదు పౌన్ల కార్డు కొని, వెనక బూడిద రంగు గీత నాణెంతో గీకి, ముందు ఒక నంబర్, తర్వాత పొడుగాటి పిన్ను, తర్వాత మన నంబర్ నొక్కాలి. ఒక్క అంకె తప్పితే మళ్ళీ మొదటికి. మీకు ఇన్ని నిమిషాలు ఉన్నాయి అని ఒక ఆడగొంతు చెప్పేది. కానీ అన్ని నిమిషాలూ ఎప్పుడూ వచ్చేవి కావు.

గుంటూరులో సాయంత్రం ఐదున్నర. దీపాలు పెట్టే వేళ. నాన్న ఎత్తారు.

“ఏమ్మా, తిన్నావా?”

“తిన్నాను నాన్నా. పండగ ఎలా జరుగుతోంది?”

“నువ్వు లేవు కదా, మీ అమ్మ బూరెలు చేయలేదు.” కాసేపు ఆగారు. “అదేంటమ్మా వెనక? పోలీస్ బ్యాండా?”

తలుపు అవతల షాపులో ఆ పాట నడుస్తోంది. ఆ డ్రమ్ము ఫోన్లోంచి ఐదు వేల మైళ్ళ అవతలికి వెళ్ళింది.

నా నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ పాట మొదట్లో ఉన్నది సరిగ్గా అదే. చిన్నప్పుడు తండ్రి తన కొడుకుని బ్యాండు చూపించడానికి పట్నం తీసుకెళ్ళడం. మా నాన్న కూడా ప్రతి ఆగస్టు 15కి నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గుంటూరు పోలీస్ పరేడ్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్ళేవారు. కడ్డీకి తువ్వాలు చుట్టేవారు, గుచ్చుకోకుండా. జనంలో నన్ను భుజాల మీదికి ఎక్కించుకునేవారు. పెద్ద డ్రమ్ము మోసే ఆయన ముందుకొచ్చినప్పుడు ఆ దెబ్బ నా చెవికి కాదు, నాన్న భుజాల్లోంచి నా కాళ్ళకి తెలిసేది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా నాన్న నోటితో ఆ డ్రమ్ము వాయించేవారు.

“గుర్తుందా నాన్నా, పరేడ్ గ్రౌండ్స్?” అన్నాను.

“గుర్తుండకేం...” అన్నారు. అంతలోనే కార్డు అయిపోయింది.

*

దీపావళి తర్వాతి సోమవారం, అక్టోబర్ 23న, ఆల్బమ్ కూడా వచ్చింది. ఆ వారం ఆల్బమ్ చార్టులో గాయకుడు రాబీ విలియమ్స్ వెనక రెండో స్థానంలో ఆగిపోయింది. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు.

2008లో ఒక పెద్ద పత్రిక ఎమో పాటల్ని పిల్లల చావులతో ముడిపెట్టి రాసింది. ఆ మే నెల చివర పిల్లలు లండన్‌లో రోడ్డు మీదికొచ్చి నిరసన చేశారు. నేను అప్పటికి హైదరాబాద్ వచ్చేశాను. ఫోటోల్లో ఆ పిల్ల ఉందేమోనని వెతికాను. నేను లెస్టర్‌లో ఉండగానే, ఆస్పత్రిలో ఉన్న ఆ ఫ్రెండ్ బయటికి వచ్చింది. ఇద్దరూ కలిసి షాపుకి వచ్చి, ఆ సీడీ వినీ వినీ గీతలు పడిపోయిందని నాకు చూపించారు. అది ఏ పత్రికలోనూ రాలేదు.

కొన్నేళ్ళ తర్వాత ఆఫీసు పని మీద లండన్ వెళ్ళినప్పుడు ఒక రోజు రైలెక్కి లెస్టర్ వెళ్ళాను. షాపు ఉన్న చోట సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నారు. చార్టు గోడ మీద ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. ప్లాస్టర్‌లో పాత మేకుల గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి. ఒకటో నంబర్ ఎక్కడుండేదో చేత్తో తడిమి చూశాను. కవర్ కావాలా అని అక్కడి కుర్రాడు అడిగితే ఒకటి కొన్నాను.

*

ఆ పాట వీడియోలో ఒక రోగి ఆస్పత్రి మంచం మీద ఉంటాడు. శామ్యూల్ బేయర్ తీసిన వీడియో. చావు మన దగ్గరికి వచ్చేటప్పుడు, మనకి అన్నిటికన్నా ఇష్టమైన జ్ఞాపకం రూపంలో వస్తుందని జెరార్డ్ వే నమ్మకం. ఆ రోగికి నాన్న చూపించిన బ్యాండే వస్తుంది. నల్ల యూనిఫాంలు వేసుకుని, డ్రమ్ములు కొట్టుకుంటూ, తనని తీసుకెళ్ళడానికి వస్తుంది. ఇరవై రెండేళ్ళ వయసులో అది నాకు గొప్ప ఊహలా అనిపించింది, అంతే.

నాన్న పోయిన రాత్రి నేను ఆస్పత్రి వరండాలో ఉన్నాను. లోపలికి వెళ్ళేసరికి అయిపోయింది. నాన్నకి ఏం కనిపించి ఉంటుందా అని అప్పటి నుంచీ అప్పుడప్పుడూ అనుకుంటూనే ఉన్నాను. పరేడ్ గ్రౌండ్స్ అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. నా జ్ఞాపకాన్ని ఆయనకి అంటగట్టానేమో.

బాబ్ బ్రయార్ పోయిన వార్త చదివిన ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. “నాన్నకి అన్నిటికన్నా ఇష్టమైన జ్ఞాపకం ఏంటమ్మా?” అని అడిగాను.

“ఇప్పుడెందుకే అది?” అంది. తర్వాత చాలాసేపు ఆలోచించింది. “మీ నాన్న ఎప్పుడూ ఒకటే చెప్పేవారు. సాగర్ కుడికాలువకి మొదటిసారి నీళ్ళు వదిలిన ఏడు. పల్నాడులో వాళ్ళ ఊరికి నీళ్ళొస్తున్నాయని కబురొస్తే పిల్లలంతా ఎండు కాలువలోకి దిగి నిలబడ్డారట. ముందు నురుగొచ్చిందట, ఎండాకులు, పుల్లలు తోసుకుంటూ. పెద్దవాళ్ళు గట్టు మీద నుంచి కేకలేస్తుంటే, పిల్లలు ఆ నీళ్ళ ముందు పరిగెత్తారట. నీళ్ళు మడమలకి తగిలేదాకా ఆగడం, మళ్ళీ పరిగెత్తడం. అలా పక్క ఊరి దాకా వెళ్ళిపోయారట. తిరిగొచ్చేసరికి చీకటి పడిందట. వాళ్ళ నాన్న కొట్టలేదట ఆ రోజు.”